కోఠిలో అసలు కోఠి

హైదరాబాదు వెళ్లి కోఠిలో బస్సు దిగనివారు మన జిల్లాలో తక్కువ. పిల్లల పుస్తకాలకని కొందరు, పెళ్లి బట్టలకని కొందరు, చెవి ముక్కు గొంతు ఆసుపత్రికని మరికొందరు వెళుతూనే ఉంటారు. కండక్టరు "కోఠీ కోఠీ" అని కేక వేయగానే సంచులు సర్దుకొని దిగుతారు. పని ముగించుకొని అక్కడే బస్సెక్కి తిరిగి వస్తారు. కోఠి అంటే భవంతి అని అర్థం. అది ఏ భవంతి, ఎవరిది, ఇప్పుడుందా లేదా అని అడిగితే మాత్రం పదిమందిలో తొమ్మిదిమంది చెప్పలేరు.

ఉంది. బస్సుల రొదకు, తోపుడు బండ్ల కేకలకు కూతవేటు దూరంలో, ఎత్తైన గోడ వెనుక, పాత చెట్ల నీడలో ఉంది. చాలాకాలం ఆ గోడ లోపలి స్థలానికి జనం పెట్టుకున్న పేరు ఉమెన్స్ కాలేజీ. ఆడపిల్లను డిగ్రీలో చేర్పించడానికి వెళ్లిన తండ్రులు ఆ గేటు దగ్గర ఎండలో నిలబడి ఉంటారు. లోపల ఉన్న తెల్లని మేడను దూరం నుంచి చూసి, కాలేజీ వారి కచేరీ కాబోలు అనుకొని ఉంటారు. అది ఒకప్పుడు ఇంగ్లీషు కుంఫిణీ దొర నివాసం. నిజాము కొలువులో కుంఫిణీ తరఫున ఉండే అధికారిని రెసిడెంటు అనేవారు గనుక ఆ మేడకు రెసిడెన్సీ అని పేరు. జనం నోట అదే కోఠి అయింది. పక్కనున్న సుల్తాన్ బజారు కూడా ఒకప్పుడు రెసిడెన్సీ బజారే.

కూలిపోయే దశకు చేరిన ఆ మేడను బాగుచేసి 2023 జనవరిలో తిరిగి తెరిచారు. ఇప్పుడు గైడు వెంట గుంపుగా వెళ్లి దాన్ని చూసి వచ్చేవారున్నారు. మన తూప్రాన్ పేరు కూడా ఆ మేడ కథలో ఒకచోట వస్తుంది. అది తరువాత.

మొదట కనిపించేది మేడ ముఖం. సుమారు 40 అడుగుల ఎత్తున ఆరు స్తంభాలు, వాటి తలల మీద ఆకులు చెక్కినట్లున్న పనితనం, పైన ముక్కోణపు గోడ మీద కుంఫిణీ వారి చిహ్నం. కింద ఇరవైకి పైగా వెడల్పాటి మెట్లు, మెట్లకు అటొకటి ఇటొకటి పెద్ద సింహాలు. అమెరికా అధ్యక్షుడుండే వైట్‌హౌస్‌లా ఉందని చూసిన ప్రతివారూ అంటారు. అందులో వింత లేదు. రెండూ ఇంచుమించు ఒకే కాలంలో, ఐరోపాలో అప్పుడు నడుస్తున్న ఒకే పోకడలో కట్టినవి.

కట్టించినవాడు జేమ్స్ అకిలీజ్ కర్క్‌పాట్రిక్. 1798 నుంచి 1805 వరకు ఇక్కడ రెసిడెంటు. ప్లాను గీసినవాడు మద్రాసు ఇంజనీర్ల దళానికి చెందిన శామ్యూల్ రస్సెల్. పని 1803లో మొదలై 1806 నాటికి ముగిసిందని చెబుతారు. ఖర్చు ఎవరిదనే ప్రశ్నకు జవాబు మన రైతులు వినదగ్గది. కుంఫిణీ ఖజానా నుంచి ఒక్క దమ్మిడీ కదలలేదు. ఖర్చంతా నిజాముదే. నిజాము ఖజానాకు సొమ్ము ఎక్కడి నుంచి వస్తుందో వేరే చెప్పనక్కరలేదు. భూమి శిస్తు కట్టిన పల్లెల వాటా ఆ ఆరు స్తంభాల్లోనూ ఉంది. ఆ లెక్కన మన తాతముత్తాతల సొమ్ముతో లేచిన మేడ అది. చూడడానికి మొహమాటపడవలసిన పనిలేదు.

స్థలం సంపాదించిన తీరు గురించి ఒక ముచ్చట చెబుతారు. దొర తనకు కావలసిన స్థలం నక్షాను పెద్ద కాగితం మీద గీయించి నిజాము అలీఖాను ముందు పరిచాడట. నిజాము చూసి ససేమిరా అన్నాడట. దొర దిగాలుగా బయటికి రాగా, దివాను మీర్ ఆలం నవ్వి, "నీ నక్షా మా రాజ్యం నక్షా అంత ఉంది, ఇంత భూమి ఎలా ఇస్తారు? చిన్న కాగితం మీద గీసి తీసుకురా" అన్నాడట. అదే స్థలాన్ని చిన్న చీటీ మీద గీసి చూపితే నిజాము సంతోషంగా ఒప్పుకున్నాడట. వినేవారు నవ్వుతారు. నవ్వి ఊరుకోవడానికి వీలులేని సంగతి ఒకటుంది. 1798లో కుంఫిణీతో కుదిరిన సంధి వల్ల నిజాము తన ఖర్చు మీద ఇంగ్లీషు తైనాతి సైన్యాన్ని పోషించవలసి వచ్చింది. ఆ ఖర్చు కింద 1800లో బళ్లారి, కడప, అనంతపురం ప్రాంతాలను కుంఫిణీకి వదులుకున్నాడు. ఆ సంధి నడిపించింది కూడా ఈ దొరే. మేడకు ఇచ్చిన కొద్ది ఎకరాలు దాని ముందు ఒక లెక్క కాదు.

కాగితపు గుజ్జు కప్పు

మెట్లెక్కి లోపలికి వెళితే దర్బారు హాలు. రెండంతస్తుల ఎత్తున లేచిన గది. పై అంతస్తు నుంచి కిందికి చూడడానికి చుట్టూ వసారాలు, గోడలకు పెద్ద అద్దాలు, పైనుంచి వేలాడే దీపాల గుత్తులు. గైడు అందరినీ తల పైకెత్తి చూడమంటాడు. కప్పు మీద రంగులతో అలంకారాలున్నాయి. అది చెక్క కాదు, గచ్చు కాదు. కాగితపు గుజ్జు.

పట్నం వారికి ఇది వింతే కావచ్చు. మన ఇళ్లలో ఆడవారికి కాగితం నానబెట్టి, రుబ్బి, మెంతిపిండి కలిపి బుట్టలకు, చాటలకు అలకడం తెలిసిన విద్యే. అదే తరహా గుజ్జును అచ్చుల్లో పోసి, ఆరబెట్టి, రంగులద్ది కప్పుకు బిగించారు. గచ్చుతో చేస్తే బరువు. గుజ్జు తేలిక. తడి తగలనంత కాలం ఎన్నేళ్లయినా ఉంటుంది. తడి తగిలితే మాత్రం బుట్టకు పట్టే గతే దానికీ పడుతుంది.

తడి తగలనే తగిలింది. పై కప్పులో నీరు ఇంకి, దూలాలు చివికి, రంగులు ఊడి, కొన్నిచోట్ల పెచ్చులు రాలడం మొదలయింది. ఒకప్పుడు ఈ గదుల్లోనే తరగతులు జరిగేవి. మీద పడుతుందనే భయంతో క్రమంగా పిల్లలను వేరే కట్టడాలకు మార్చి గదులకు తాళాలు వేశారు. చుట్టూ కాలేజీ నడుస్తోంది, నడుమ మేడ చచ్చిపోతోంది అన్నట్లుండేది పరిస్థితి. ప్రమాదంలో ఉన్న చారిత్రక కట్టడాలంటూ వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ అనే సంస్థ ప్రకటించే జాబితాలో 2002లో దీని పేరు చేరింది. అప్పటి నుంచి తిరిగి తలుపులు తెరుచుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

ఇంతకాలం ఎందుకు పట్టిందో తెలుసుకోవడం మన ఊళ్లకు కూడా అవసరం. ఇలాంటి గోడలకు సిమెంటు పనికిరాదు. పాత గోడ డంగు సున్నంతో కట్టినది. అది నీటిని కొంత పీల్చుకుంటుంది, ఎండకు తిరిగి వదులుతుంది. గోడ ఊపిరి తీసుకుంటుందని పాత మేస్త్రీలు అనేది ఇందుకే. దాని మీద సిమెంటు పూత పూస్తే లోపలి తడి బయటికి పోయే దారి ఉండదు. గోడ లోపలే కుళ్లుతుంది. పైకి నున్నగా కనిపిస్తూనే నాలుగైదేళ్లలో పొరలు పొరలుగా ఊడివస్తుంది. అందుకని బాగుచేసేవారు తిరిగి సున్నాన్నే ఆశ్రయించారు.

డంగు సున్నం ఎలా తయారవుతుందో మన పెద్దలకు గుర్తే. గుండ్రని కాలువలో సున్నం, ఇసుక పోసి, రాతి చక్రాన్ని ఎద్దుల చేత తిప్పించేవారు. రోజుల తరబడి నానిన సున్నం వెన్నలా మెదిగాక కరక్కాయ నీళ్లు, బెల్లపు నీళ్లు కలిపేవారు. ఆ గానుగ రాళ్లు కొన్ని ఊళ్లలో ఇప్పటికీ గుడి వెనుకో, గడీ పక్కనో బోర్లా పడి ఉన్నాయి. రెసిడెన్సీకి అంత ఓపికగా చేసిన పనికి పూర్తిగా ఎదురు పని మన ఊళ్లలో జరుగుతోంది. మూడువందల ఏళ్ల గుడికి చందాలు వేసుకొని సిమెంటు పూయించి, మీద నూనె రంగులు కొట్టించి, బాగుచేశామని రాతిపలక పెట్టుకుంటున్నారు. చేసేవారి భక్తిని శంకించనక్కరలేదు. చెప్పేవారు లేకపోవడమే లోపం.

బేగం కోసం బొమ్మరిల్లు

హాలు దాటాక వంపు తిరిగి రెండుగా చీలి పైకి పోయే మెట్ల వరుస ఉంది. అందరూ ఫోటోలు దిగేది అక్కడే. అయితే ఈ మేడ కథకు ప్రాణం ముందు భాగంలో లేదు, వెనుక ఉంది.

కర్క్‌పాట్రిక్ దొర ఇక్కడి మనిషిని పెళ్లాడాడు. ఆమె పేరు ఖైరున్నీసా. దివాను మీర్ ఆలం బంధువర్గంలోని పిల్ల. పెళ్లి నాటికి ఆమెకు పద్నాలుగు, పదిహేనేళ్లు మించవు. ఆమె కోసం దొర మతం మార్చుకున్నాడు. నిజాము కొలువులోని ఉమరావుల్లాగే దుస్తులు వేసేవాడు, హుక్కా తాగేవాడు, ఉర్దూ, ఫారసీ మాట్లాడేవాడు. కలకత్తాలోని గవర్నర్ జనరల్‌కు ఈ సంగతి కంటగింపయి విచారణ కూడా జరిపించాడు. దొర ఉద్యోగం పోకుండా తప్పించుకున్నాడు.

ఆమె ఘోషా పాటించే ఇంటి పిల్ల గనుక మేడ వెనుక ఆమెకు వేరే జనానా కట్టించారు. దానికి రంగమహల్ అని పేరు. ముందున్న మేడ ఇంగ్లీషు తరహా, వెనుకనున్న రంగమహల్ మన దేశపు తరహా. పరపురుషులు తిరిగే ముందు వాకిలికి ఆమె రాకూడదు. మరి భర్త కట్టిస్తున్న మేడ ముఖం ఎలా ఉంటుందో చూసేదెట్లా? అందుకని స్తంభాలతో, మెట్లతో సహా మేడకు చిన్న నమూనా కట్టించి జనానా తోటలో నిలబెట్టాడని చెబుతారు. కాదు, కట్టడానికి ముందు చేయించిన నమూనాయే అది అనేవారూ ఉన్నారు. ఏదైనా ఆ బొమ్మరిల్లు ఇప్పటికీ ఉంది. ఒకప్పుడు చెట్టు విరిగిపడి బాగా దెబ్బతిన్నది. దాన్ని కూడా మరమ్మతు చేశారు.

గైడు ఇక్కడ ప్రేమకథ చెబుతాడు. వినేవారు తాజమహలును తలచుకుంటారు. మనవైపు నుంచి వెళ్లిన ముసలమ్మ ఎవరైనా అక్కడుంటే మాత్రం, "గింత మేడ గట్టి, పెండ్లానికి సూపెట్టనీకె బొమ్మ గట్టిచ్చిండా బిడ్డా?" అని అడగక మానదు. ఆ ప్రశ్న సబబైనదే. దొర మనసు మంచిదే కావచ్చు. ముందు వాకిలి మాత్రం ఆమెది కాలేదు.

తరువాత జరిగినది వింటే ప్రేమకథ అనే మాట గొంతులో ఆగిపోతుంది. వారికి ఇద్దరు పిల్లలు. కొడుకు 1801లో, కూతురు 1802లో పుట్టారు. చదువు కోసమని 1805లో ఇద్దరినీ ఓడ ఎక్కించి ఇంగ్లండు పంపారు. నాలుగేళ్లవాడొకడు, మూడేళ్ల పిల్ల ఒకతె. అక్కడ వారికి క్రైస్తవ పేర్లు పెట్టారు. తల్లి మళ్లీ వారిని చూడలేదు. అదే ఏడాది అక్టోబరు 15న కర్క్‌పాట్రిక్ కలకత్తాలో జబ్బుచేసి చనిపోయాడు. తాను కట్టించిన మేడ పూర్తికావడం అతడు కూడా చూడలేదన్నమాట.

ఇరవై ఏళ్లు నిండీ నిండకుండానే ఖైరున్నీసాకు భర్త లేడు, పిల్లలు లేరు. భర్త సమాధి చూడడానికి కలకత్తా వెళ్లింది. అక్కడ భర్త కింద పనిచేసిన హెన్రీ రస్సెల్ అనే దొర ఆమెకు దగ్గరయి, ఆ తరువాత వదిలేశాడు. మీర్ ఆలం ఆమెను హైదరాబాదులో అడుగుపెట్టనివ్వలేదు. మచిలీపట్నంలో కొన్నేళ్లు గడిపింది. నగరంలో పుట్టి పెరిగిన ఉమరావుల ఇంటి పిల్ల ఆ సముద్రపు రేవులో, తెలిసినవారు లేనిచోట ఎలా కాలం గడిపిందో ఆమెకే తెలియాలి. చివరికి హైదరాబాదు చేరి 1813 సెప్టెంబరులో కన్నుమూసింది. అప్పటికి ఆమె వయసు ఇరవై ఏడేళ్లు.

కూతురు కిట్టీ ఇంగ్లండులోనే పెరిగి, పెళ్లాడి, 1889 దాకా బతికింది. పెద్దయ్యాక హైదరాబాదులోని అమ్మమ్మ షరఫున్నీసా ఇంకా ఉన్నదని తెలిసి ఉత్తరాలు రాసింది. మనవరాలిది ఇంగ్లీషు, అమ్మమ్మది ఫారసీ. నడుమ ఎవరో తర్జుమా చేయవలసిందే. అమ్మమ్మ ఒక ఉత్తరంతోపాటు తాను దాచి ఉంచిన ఖైరున్నీసా తలవెంట్రుకలు కొన్ని పంపింది. ఇద్దరూ కలుసుకోకుండానే అమ్మమ్మ పోయింది.

రంగమహల్ ఇప్పుడు లేదు. 1860 ప్రాంతంలో దాన్ని కూల్పించేశారు. తమ దొర ఒకడు ఇక్కడివాడిలా బతికిన సంగతి తరువాతి దొరలకు గిట్టలేదు. మిగిలింది ఒక ద్వారం, ఆ బొమ్మరిల్లు.

తూప్రాన్ అడవిలో...

కోట బురుజుల్లాంటి కట్టడాలు ఈ ఆవరణలో ఎందుకున్నాయని అడిగితే గైడు 1857 దగ్గరికి వస్తాడు. ఉత్తరాదిన సిపాయిలు తిరగబడిన ఏడాది. ఢిల్లీ మీదికి పోరాడడానికి రామని సైన్యం నుంచి వచ్చేసిన జమేదారు చీదా ఖాను తదితరులను హైదరాబాదులో పట్టుకొని రెసిడెంటుకు అప్పగించారు. వారిని విడిపించడానికి జులై 17 సాయంత్రం తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల వెంట రోహిల్లాలు, జనం కదిలి రెసిడెన్సీ మీదికి వచ్చారు. ఎదురుగా ఉన్న ఇళ్లను పట్టుకొని రాత్రంతా కాల్పులు జరిపారు. ఫిరంగుల ముందు వారి తుపాకులు నిలవలేదు. తెల్లవారేసరికి చెదిరిపోయారు. ఆ భయంతో గోడలు ఎత్తు చేసి బురుజులు కట్టారు.

మౌల్వీని అండమాను పంపారు. తుర్రేబాజ్ ఖాన్‌కు కూడా అదే శిక్ష పడింది గాని, అతడు 1859 జనవరిలో కాపలా తప్పించుకొని పారిపోయాడు. పారిపోయి వచ్చింది మనవైపే. జనవరి 24న తూప్రాన్ దగ్గర అతడిని చంపారు. శవాన్ని నగరానికి తీసుకుపోయి అందరూ చూసేట్లు వేలాడదీశారు. అతడి జ్ఞాపకంగా కోఠిలో స్తంభం ఒకటుంది. తూప్రాన్‌లో బడి పిల్లలను అడిగితే అల్లూరి సీతారామరాజు పేరు చెబుతారు, ఝాన్సీ లక్ష్మీబాయి పేరు చెబుతారు. తమ ఊరి పొలిమేరలో ప్రాణం వదిలిన ఈ మనిషి పేరు చెప్పగలవారు ఎందరుంటారో ఉపాధ్యాయులే చూడాలి.

1947లో దొరలు వెళ్లిపోయారు. 1924లో నాంపల్లిలో మొదలైన ఆడపిల్లల కాలేజీని 1949లో ఈ మేడకు మార్చారు. ఘోషా బేగం రాకూడని ముందు వాకిలి మెట్ల మీద అప్పటి నుంచి ఆడపిల్లలు పుస్తకాలు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నారు. దర్బారు హాలు పక్క గదుల్లో లెక్కలు, రసాయనశాస్త్రం చదివారు. పల్లెల నుంచి వచ్చి హాస్టలులో ఉండి చదివినవారు వారిలో ఎందరో. మన జిల్లాలో పంతులమ్మలుగా, నర్సులుగా, కచేరీల్లో గుమాస్తాలుగా పనిచేసినవారిలోనూ అక్కడ చదివినవారు లేకపోలేదు. 2022లో ఆ కాలేజీ మహిళా విశ్వవిద్యాలయమైంది. పాలకుర్తిలో తన పొలం కోసం దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచిన చాకలి ఐలమ్మ పేరును 2024లో దానికి పెట్టారు.

మేడ బాగయింది గాని, పక్కనున్న తరగతి గదుల సంగతి కూడా చూడాలని అనేవారున్నారు. అదీ న్యాయమే. గత కాలపు మేడకు పట్టిన అదృష్టం చదువుకునే పిల్లల బల్లలకు, నీటి కుళాయిలకు కూడా పట్టాలి కదా.

చూడాలనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. అది ఆడపిల్లలు చదువుకునే ఆవరణ. చార్మినారుకు వెళ్లినట్లు అనుకున్నప్పుడు వెళ్లి లోపలికి చొరబడడం కుదరదు. ఏ రోజుల్లో చూడనిస్తారో, గైడు ఎప్పుడుంటాడో ముందే కనుక్కొని, వీలైతే బడి పిల్లలతో కలిసి గుంపుగా వెళ్లడం మంచిది. ఆవరణలోనే దొరల సమాధులున్న చిన్న తోట ఉంది. టైముంటే అదీ చూడవచ్చు. తిరిగి వచ్చేటప్పుడు తుర్రేబాజ్ ఖాన్ స్తంభం ఎక్కడని అడిగితే కోఠి దుకాణాలవారు చూపిస్తారు. తూప్రాన్ బస్సుకు అక్కడి నుంచి సిటీ బస్సులో జూబ్లీ బస్‌స్టేషన్ దాకా రావాలి.